నెత్తురు పేరు చెప్పదు

మా బాబుకు మూడు రోజులుగా జ్వరం తగ్గకపోతే నిన్న దిల్‌సుఖ్‌నగర్ డిపో వెనకాల ఉన్న లాబ్‌కు తీసుకెళ్ళాను. రక్తం తీసే అమ్మాయి బాబు పేరు అడిగింది, వయసు అడిగింది, వాడి చిట్టి చెయ్యి పట్టుకుని సూది గుచ్చబోయింది. నేను ఆపాను.

"ఇంకేమీ అడగరా?"

"ఏం అడగాలి మేడం?"

"జలుబు ఉందా, పళ్ళు వస్తున్నాయా, ఎక్కడైనా దెబ్బ తగిలిందా, ఈమధ్య టీకా వేయించారా అని."

ఆ అమ్మాయి నవ్వింది. "అవన్నీ డాక్టర్ చూస్కుంటరు మేడం. నేను శాంపిల్ తీస్త, అంతే."

ఇదే లాబ్‌లో ఇవన్నీ అడిగే ఒకాయన ఉండేవారని, మెడ తిరగని మనిషని చెప్పాను. ఆ అమ్మాయికి తెలియలేదు. కౌంటర్లో బిల్లులు రాసే పెద్దాయన తలెత్తారు.

"గాయినా? పోయిన ఎండకాలం పోయిండమ్మా. నిద్రలనే పోయిండు. మీకు చుట్టమా?"

కాదన్నాను. ఆ పోయినాయన మా ఇంటికి రెండుసార్లు వచ్చారు. రక్తం తీయడానికి వచ్చిన మనిషి, రక్తం తీసింది మాత్రం ఒక్కసారే. ఇప్పుడు బాబు జ్వరం దిగి పడుకున్నాడు. పది నిమిషాలకొకసారి లేచి వాడి నుదురు చూసి వస్తూ ఆయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు నాకు తెలుసు కానీ రాయను. తన పేరు ఎక్కడైనా రాస్తే ఆయనకు నచ్చేది కాదు.

అప్పటికి ఆయనకు యాభై దగ్గర పడి ఉంటాయి. సొంత ఊరు నల్గొండ జిల్లాలో, నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉన్న పల్లె. ఆ నీళ్ళు తాగి పెరిగిన ఒళ్ళు. మెడ పక్కకు తిరగదు, పక్కనున్న మనిషిని చూడాలంటే భుజాలతో సహా తిరగాలి. మోకాళ్ళు వంగవు. ఎక్కడికి వెళ్ళినా ముందు స్టూలు అడిగేవారు. పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉండేవి, అందుకని నవ్వు వస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేవారు. వేళ్ళను మాత్రం ఆ నీళ్ళు ఏమీ చేయలేకపోయాయి. సూది ఎప్పుడు దిగిందో ఎప్పుడు వచ్చిందో తెలిసేది కాదు.

లాబ్‌లో ఆయన దగ్గర ఎప్పుడూ వరస కదిలేది కాదు. షుగర్ పరీక్షకు వచ్చినవాళ్ళను కూడా అన్నీ అడగాల్సిందే. సర్ది ఉన్నదా? పన్ను నొస్తుందా? కాలుకు చేతికి ఏమన్న తగిలిందా? మొన్న మొన్న జరమొచ్చి తగ్గిందా? ఒకసారి నా ముందు నిలబడ్డ ఒకావిడకు విసుగొచ్చి, "నెత్తురు తీస్తవా, పెండ్లి సంబంధం మాట్లాడుతవా?" అని అడిగింది.

"సంబంధమైతే అబద్ధాలు నడుస్తయమ్మా. గీడ నడువయి" అన్నారు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

అన్ని ప్రశ్నలు ఎందుకని అడిగితే ఒక మాట చెప్పేవారు. నేను ఆ మాట నాలుగైదుసార్లైనా విన్నాను. "మా ఊరి నీళ్ళు ఎముకలల్ల పేరు రాసుకుంటయి బిడ్డా. నెత్తురు అట్ల కాదు. ఇంట్ల లొల్లి అయితుందని చెప్తది. ఏ అర్రల అయితుందో చెప్పదు, ఎవ్వలు చేస్తున్నరో చెప్పదు. నెత్తురు పేరు చెప్పదు. గది మనమే అడిగి తెలుసుకోవాలె."

ఆయన మా ఇంటికి ఎందుకు రావాల్సి వచ్చిందో చెప్పాలంటే మా తమ్ముడి గురించి చెప్పాలి.

మాది కోస్తా. నాన్న ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ మమ్మల్ని దిల్‌సుఖ్‌నగర్ తీసుకొచ్చారు. నేను డిగ్రీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. తమ్ముడు సాగర్ రోడ్డు మీద ఒక కాలేజీలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న రోజులు. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా బంద్ రోజున కూరగాయలు దొరకకపోతే మా ఓనరమ్మ పప్పు గిన్నె పంపేది. అయినా మా ఇంట్లో ఏదో బెరుకు పుట్టింది. బస్సులో ఫోన్ మాట్లాడొద్దని నాన్న మాకు చెప్పారు. అమ్మ కొత్తపేట మార్కెట్లో నోరు విప్పకుండా వేలు చూపించి పండ్లు కొనేది. ఇంటికొచ్చాక దాని గురించి తనే నవ్వేది.

అలాంటి రోజుల్లో తమ్ముడు, "బస్సులో మాట్లాడటం మానేశాను" అన్నాడు. "మంచి పని చేశావురా, ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది" అన్నారు నాన్న. తర్వాత క్లాసులో మాట్లాడటం మానేశాడు. అదీ జాగ్రత్తే అనుకున్నాం. తర్వాత ఇంట్లో గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాడు. గోడ పక్క వాటావాళ్ళు వింటారంటే, నిజమే కాబోలు అని అమ్మ కూడా గొంతు తగ్గించింది. కండక్టర్ ఇచ్చిన టికెట్ మీది అంకెలు తన గురించేనని వాడు చెప్పిన రోజున నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. నేనూ ఎవరికీ చెప్పలేదు. వాడి భయానికీ మా భయానికీ మధ్య గీత ఎక్కడుందో మాకు తెలియలేదు. ఇంకో ఊళ్ళో, ఇంకో కాలంలో అయితే మొదటి వారంలోనే పట్టుకునేవాళ్ళమేమో.

ఒకరోజు పొద్దున లేచేసరికి ఇంట్లో ఫోన్లన్నీ నీళ్ళ బకెట్‌లో ఉన్నాయి. నాన్న వాణ్ణి మలక్‌పేటలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆయన చాలాసేపు మాట్లాడి, ఇది సైకోసిస్ అనే మనసు జబ్బని, మొదట్లోనే తీసుకొచ్చారని, మాత్రలు మొదలుపెడితే దారికి వస్తుందని చెప్పారు. లేటు చేసిన కొద్దీ కష్టమవుతుందని కూడా చెప్పారు. ఆ తర్వాత ఒక అనుమతి కాగితం తీశారు. ఈ జబ్బు మొదటిసారి వచ్చి ఇంకా ఒక్క మాత్ర కూడా వేసుకోనివాళ్ళ రక్తం మీద తాము ఒక పరిశోధన చేస్తున్నామన్నారు. ఒంట్లో సూక్ష్మజీవులతో పోరాడే రక్షణ వ్యవస్థ ఉంటుంది కదా, ఈ జబ్బు తొలినాళ్ళలో అది కూడా కొంచెం రేగుతుందేమోనని అనుమానం. రక్తంలో దాని గుర్తులు కొన్ని కొలుస్తారు.

"ఇప్పటికిది అనుమానమే. మీ అబ్బాయి వైద్యానికి దీనితో సంబంధం లేదు. రేపు లాబ్ నుంచి మా మనిషి ఇంటికొచ్చి రక్తం తీస్తాడు. తీసిన వెంటనే మాత్రలు మొదలుపెట్టండి" అన్నారు.

నాన్న ఇంటికొచ్చి ఇదంతా అమ్మకు చెప్పారు. అమ్మ అందులోంచి ఒక్క మాట ఏరుకుంది. రక్తంలో తెలుస్తుందట.

మర్నాడు బంద్. సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సులు లేవు, ఆటోలు లేవు. ఆ మనిషి రాడనే అనుకున్నాం. మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. భుజానికి ఐసు డబ్బా వేలాడేసుకుని, చెమటతో తడిసిపోయి, భుజాలతో సహా ఇంట్లోకి తిరిగి, "స్టూలుందా అమ్మా?" అని అడిగారు. ఎల్బీనగర్ అవతలి నుంచి నడిచొచ్చారు.

అమ్మ నీళ్ళిస్తూ, "ఇంత ఎండలో నడిచొచ్చారా అన్నయ్యగారూ" అంది.

ఆయన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశారు. "నన్నేనా? అన్నయ్యగారు అంటే ఎవ్వలో పెద్దమనిషి అనుకున్న."

ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద వంటావార్పు జరుగుతుంటే అక్కడ ఆపారట. డబ్బాలో ఏముందని అడిగారట. ఖాళీ సీసలు, ఒక పిలగాని నెత్తురు నింపుకరావాలె అంటే, ముందు తిని పో అని విస్తరేశారట. "తిన్న. తిని జై తెలంగాణ అన్న. తినకున్నా అందును" అన్నారు. డబ్బాలో ఐసు కరిగిపోతే కొత్తపేటలో చెరుకురసం బండి దగ్గర మళ్ళీ నింపుకున్నారట. ఆ జై తెలంగాణ మాట వినగానే అమ్మ మా తమ్ముడున్న గది వైపు చూసింది.

తమ్ముడు మంచం మూల కాళ్ళు ముడుచుకుని ఉన్నాడు. వారం నుంచి మాతో ఒక్క మాట లేదు. ఈయన గొంతు, ఈయన యాస విని గోడకు ఇంకా దగ్గరగా జరిగాడు. ఆయన స్టూలు మంచానికి దూరంగా వేయించుకున్నారు.

"నన్ను జూస్తే భయమైతుందా తమ్మీ?"

తమ్ముడు సూది వైపే చూస్తున్నాడు.

"కావాలె. చేతిల సూది పట్టుకోనున్న. భయపడుకుంటనే చెయ్యియ్యి. నడుస్తది."

భయపడొద్దని వాడికి మేము వందసార్లు చెప్పి ఉంటాం. భయపడుతూనే ఇవ్వొచ్చని ఎవరూ చెప్పలేదు. తమ్ముడు చెయ్యి చాపాడు. రక్తం సీసాల్లోకి వచ్చింది. ఆయన తన ప్రశ్నలన్నీ వాడినే అడిగారు, వాడు పలకకపోయినా ప్రతి ప్రశ్న తర్వాత కాసేపు ఆగారు. చివరకు వాడి పాదాలు చూశారు.

"ఇంట్ల సాక్సులెందుకు?"

"చలేస్తోందని విప్పట్లేదు అన్నయ్యగారూ" అంది అమ్మ.

"గింత ఉక్కలనా?" అన్నారు. విప్పుతావా తమ్మీ అని అడిగారు. వాడు కాళ్ళు లోపలికి లాక్కున్నాడు. ఆయన బలవంతం చేయలేదు. కాగితం అంచున ఏదో రాసుకున్నారు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, "ఈ సాయంత్రం సంది గోళీలు షురూ చేయిండ్రి" అని అమ్మకు చెప్పారు.

అమ్మ ఆ సాయంత్రం మాత్రలు తీయలేదు. రిపోర్టు రేపే వస్తుంది కదా, చూసి వేద్దాం, ఒక్కరోజుకు ఏమవుతుంది అంది. నాన్న ఊరుకున్నారు. మర్నాడు లాబ్ వాళ్ళు ఇచ్చిన కాగితంలో మిగతావన్నీ తర్వాత వస్తాయని ఉంది, సీఆర్పీ ఒక్కటే ఉంది. అది ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది.

అమ్మ ఆ కాగితం పట్టుకుని ఏడ్చింది. సంతోషంతో ఏడ్చింది. "నేను చెప్పలా? రక్తంలో ఇన్‌ఫెక్షన్ అండీ. నా బిడ్డకు పిచ్చి కాదు. రక్తం బాగైతే వాడే బాగవుతాడు."

ఇక్కడ నా తప్పు ఒకటుంది. సీఆర్పీ అంటే ఏమిటో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఒంట్లో ఎక్కడ వాపున్నా, చీమున్నా, దెబ్బున్నా కాలేయం రక్తంలోకి వదిలే పదార్థం అది. ఎందుకు పెరిగిందో దాన్ని చూసి చెప్పలేం. మనసు జబ్బులో పెరిగినా ఏదో కొంచెమే, ఇంతింత పెరగదు. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అమ్మ ముందు నోరు తెరవలేదు. అమ్మ కోసం ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. అది ఇన్‌ఫెక్షనే కావాలని నాకూ ఉంది. రేపు నాకు పెళ్ళి సంబంధాలు వస్తే, మీ తమ్ముడికేమిటి అని అడిగితే, జ్వరమొచ్చి తగ్గిందని చెప్పొచ్చు కదా.

వీధి చివరి డాక్టరు ఆ కాగితం చూసి వారం రోజులకు యాంటీబయాటిక్ రాశాడు. మొదటి రెండు రాత్రులు తమ్ముడు నిద్రపోయాడు. అమ్మకు నమ్మకం కుదిరింది. మానసిక వైద్యుడు ఇచ్చిన మాత్రలు ఫ్రిజ్ మీద కవర్లోనే ఉండిపోయాయి. మూడో రోజు నుంచి వాడికి నిద్ర లేదు. అన్నంలో ఎవరి చెయ్యి పడిందో తెలియదని తినడం మానేశాడు. పదో రోజున ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. నాన్న, ఓనరమ్మ కొడుకు వెతుక్కుంటూ వెళితే మూసారాంబాగ్ వంతెన మీద కనపడ్డాడు. పిట్టగోడ పట్టుకుని కిందికి వంగి ఉన్నాడట. ఇక్కడేం చేస్తున్నావురా అని నాన్న అడిగితే, "నీళ్ళ చప్పుడుకు వాళ్ళ మాటలు వినపడట్లేదు" అన్నాడట.

నాన్న ఆ రాత్రి మాత్రలు వేద్దామన్నారు. అమ్మ వినలేదు. "ఆ మాత్ర ఒక్కటి వేశామంటే వాడికి పిచ్చివాడని ముద్రేనండీ. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి అంటారు. ఇంకోసారి రక్తం చూపిద్దాం" అంది. సరిగ్గా మర్నాడు లాబ్ నుంచి ఫోన్ వచ్చింది. సీఆర్పీ అంత ఎక్కువ ఉంటే వేరే కారణం ఏదో ఉంటుంది కాబట్టి ఆ రక్తం పరిశోధనకు పనికిరాదట. అబ్బాయికి మాత్రలు మొదలుపెట్టేశారా అని అడిగారు. "లేదండీ, ఒక్కటి కూడా వేయలేదు. రండి రండి" అంది అమ్మ, ఏదో పరీక్ష పాసైనట్టు.

ఆయన రెండోసారి వచ్చారు. ఆరోజూ బస్సులు లేవు, ఆరోజూ నడిచే వచ్చారు. స్టూలు మీద కూర్చుని తమ్ముణ్ణి చూశారు. రెండు వారాల్లో వాడు సగమయ్యాడు. ఏమీ అడగకుండా, "సాక్సు విప్పుత తమ్మీ" అన్నారు. వాడు కదల్లేదు. ఆయన ముందుకు వంగలేక నన్ను విప్పమన్నారు. మడమ కింద బెత్తెడు గాయం. మానుతోంది కానీ అంచులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. కాలేజీ నుంచి బస్సెక్కడానికి భయపడి ఇంటిదాకా నడిచొచ్చాడని, దారిలో చెప్పు తెగితే ఒంటికాలి చెప్పుతో వచ్చాడని, గాజుపెంకు దిగిందని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ గాయం కనపడకుండా సాక్సులు తొడుక్కున్నాడు.

"గిదీ నీ కాయితంల లొల్లి" అన్నారు ఆయన అమ్మతో. "గోళీలు ఎట్ల పడుతున్నయి పిలగానికి?"

అమ్మ ఫ్రిజ్ మీది కవరు తెచ్చి, ఒక్కటీ కత్తిరించని ఆ మాత్రల పట్టీలు చూపించింది. "మీ పరీక్షకు అడ్డమని మేము అసలు ముట్టుకోలేదు అన్నయ్యగారూ."

ఆయన అప్పటికే డబ్బా మూత తీసి ఉన్నారు. లోపల సీసాలు వరసగా ఉన్నాయి. అవి చూశారు, పట్టీలు చూశారు. మూత పెట్టేశారు.

"చెల్లె, నీళ్ళు తే."

ఆయనకు దాహమేమోనని అమ్మ గ్లాసు తెచ్చి ఆయన చేతికివ్వబోయింది. ఆయన తీసుకోలేదు. "నాకు కాదు. నీ కొడుక్కు. గోళీ ఎయ్యి."

"మరి రక్తం?"

"నెత్తురు యాడికి పోదు. పిలగాడు పోతడు."

అమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. "ముందు రక్తం తీసుకోండి అన్నయ్యగారూ. తీశాక వేస్తాను. ఒట్టు."

"ఎయ్యవు. మల్ల కాయితం కోసం పదిరోజులు సూస్తవు. ఇప్పుడు నేను తీస్తే నీకు మల్ల ఆశ ఇచ్చినట్టే అయితది."

"రక్తంలోనే ఉందేమో కదా. మీ డాక్టరుగారే అన్నారంట."

"లేదంటలేను. ఉండొచ్చు. గది పట్టేటందుకే మా సారు పరేషాన్ అయితున్నడు. శాన మంది నెత్తురు ఒక్కకాడ పెట్టి సూస్తే, బాగున్నోళ్ళ కన్న జర ఎక్కువ అవుపడుతదని ఆయన అంటడు. గని ఒక్కని నెత్తురు జూసి వీనికి గీ బీమారి ఉన్నదని, లేదని చెప్పే మొనగాడు ఇంక పుట్టలే చెల్లె. సారు కూడ కాదు. గోళీ ఏసినంక నాకు ఈ ఇంట్ల పనిలేదు. ఏసేదాంక మాత్రం లేవ."

నిజంగానే లేవలేదు. మా వంటింట్లో కుక్కర్ కూతలు పెట్టింది. అమ్మ ఏడ్చింది, కోప్పడింది, మీకేం పోయింది మీ పిల్లవాడు కాదుగా అంది. ఆయన అన్నిటికీ స్టూలు మీద నిటారుగా కూర్చునే ఉన్నారు. చివరకు అమ్మ పట్టీ కత్తిరించింది. కానీ తమ్ముడు నోరు తెరవలేదు. నాన్న బతిమాలారు. నేను బతిమాలాను. వాడు మా అందరినీ దాటి ఆయన వైపు చూశాడు. రెండు వారాల తర్వాత మొదటిసారి బయటి మనిషితో గొంతు విప్పాడు.

"మీరు ఎవరి వైపు?"

ఇదే ప్రశ్న వాడు గుసగుసగా నాన్నను ఎన్నోసార్లు అడిగాడు. వైపులేమీ లేవురా, అందరూ మనవాళ్ళేరా అని నాన్న చెప్పేవారు. అప్పుడు వాడి ముఖం ఇంకా మూసుకుపోయేది. ఈసారి ఆయన కూడా అదే చెబుతారనుకుని నాన్న సైగ చేశారు. ఆయన ఆ సైగ చూడలేదు, మెడ తిరగదు కదా. లేదా చూసి కూడా ఊరుకున్నారేమో.

"తెలంగాణ దిక్కు. బరాబర్" అన్నారు. "మీ నాయిన ఏ దిక్కో నాకు తెల్వదు, అడుగ. గోళీ మాత్రం నీ దిక్కు."

తమ్ముడు చాలాసేపు ఆయన్నే చూశాడు. ఇన్నాళ్ళకు వాడికి అబద్ధం చెప్పని మనిషి ఒకరు దొరికారు. చెయ్యి చాపి మాత్ర తీసుకున్నాడు, నీళ్ళు తాగాడు.

ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. "తెల్లారి ఇదే యాళ్ళకు మల్ల. ఎల్లుండి మల్ల. కాయితాలు సూడకు, పిలగాన్ని సూడు" అని అమ్మకు చెప్పి, ఖాళీ సీసాల డబ్బా భుజానికేసుకుని దిగిపోయారు. ఆ పరిశోధనలో మా తమ్ముడి రక్తం లేదు. రెండుసార్లు వెళ్ళి చివరకు ఉత్తచేతులతో వచ్చావని లాబ్‌లో ఆయన్ని గట్టిగానే అన్నారని తర్వాత తెలిసింది. మాతో ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

వాడు వారంలో బాగైపోలేదు. మూడు నెలలు పడుకునే ఉన్నాడు, లావెక్కాడు, చేతులు వణికితే డాక్టరు మాత్ర మార్చారు. ఇంజనీరింగ్ వదిలేసి, షాపులో పని చేసుకుంటూ డిగ్రీ కట్టాడు. ఇప్పుడు వనస్థలిపురంలో ఒక హార్డ్‌వేర్ షాపులో కంప్యూటర్ మీద పని చేస్తున్నాడు. జోకులు వేస్తాడు. ఆ మాత్రలకు చేయించాల్సిన రక్తపరీక్షకు నెలకోసారి లాబ్‌కు తీసుకెళ్ళినప్పుడు ఆయన వాణ్ణి, "తమ్మీ, నేను ఇంక గా దిక్కే" అని పలకరించేవారు. వాడు, "నేనూ నా దిక్కే" అనేవాడు. వాళ్ళిద్దరికీ అది ఎన్నిసార్లన్నా పాతబడలేదు. ఇవన్నీ చూసి కూడా అమ్మ ఆయన్ని ఒక్కసారి భోజనానికి పిలవలేకపోయింది. ఆయన ముందు తన ముఖం చెల్లదనేది.

నేను ఆయన్ని ఆఖరుసారి చూసింది రాష్ట్రం వచ్చిన కొత్తలో. అప్పటికి నాకు పెళ్ళయింది, కడుపుతో అయిదో నెల. ఆయన లాబ్ మానేసి ఎల్బీనగర్‌లో మందుల షాపు పక్కన చిన్న గదిలో శాంపిళ్ళు తీస్తున్నారని తెలిసి, ఇంట్లో చెప్పకుండా వెళ్ళాను. స్టూలు నాకిచ్చి తను గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"నా రక్తం పరీక్ష చేయాలి" అన్నాను.

"ఏం పరీక్ష? సర్ది ఉన్నదా? పన్ను నొస్తుందా?"

"అవేం లేవు."

"మరి?"

చెప్పాను. తమ్ముడి జబ్బు నా బిడ్డకు వస్తుందేమోనని నిద్ర పట్టట్లేదని, డాక్టరుగారి పరిశోధన అయిపోయి ఉంటుంది కదా, ఆ గుర్తులేవో నా రక్తంలో ఉన్నాయో లేవో చూడమని. మా ఆయనకు తమ్ముడి సంగతి తెలుసు, కానీ నా భయం తెలియదని కూడా చెప్పాను. ఆయన భుజాలతో సహా నా వైపు తిరిగారు.

"తెల్వదు బిడ్డా."

"డాక్టరుగారినైనా అడిగి..."

"సారుకు తెల్వదు. నాకు అసలే తెల్వదు. తెలిస్తే చెప్పకపోదునా?"

అలవాటు కొద్దీ నా మోచెయ్యి వంపులో వేలితో తడిమారు. నరం దొరికింది కాబోలు, కాసేపు అక్కడే వేలు ఉంచారు. నేను పిడికిలి బిగించి కూర్చున్నాను. ఆయన నా జాకెట్టు చెయ్యి కిందికి సర్ది, "ఇయ్యాల్ల అవసరం లేదు" అన్నారు.

"అడగాల్సింది అడుగుతున్నవు గని, ఉన్నది సూస్తలేవు. తమ్మునికి గోళీలు ఉన్నయా, అయిపోయినయా?"

నాకు తెలియదు. పెళ్ళయ్యాక ఆ సంగతి అమ్మ చూసుకుంటోందని అనుకున్నాను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, బజారుకు నాన్న వెళతారు, నాన్న ఊళ్ళో లేరు. ఎల్బీనగర్‌లో ఆటో ఎక్కి నేరుగా దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. తమ్ముడు ఇంకా షాపు నుంచి రాలేదు. ఫ్రిజ్ మీది కవరు తెరిచి చూశాను. పట్టీలో రెండే ఉన్నాయి. అమ్మ ఏమయిందే అని అడుగుతూనే ఉంది. చెప్పులు విప్పకుండానే మందుల షాపుకని మళ్ళీ మెట్లు దిగాను.